కవలల గర్భం: అయిదో నెల స్కానింగ్‌లో కుటుంబం అడగవలసిన మొదటి ప్రశ్న

బిలాస్‌పూర్: గర్భంలో కవలలు ఉన్నారని తెలిసిన ఇంట్లో సంతోషంతో పాటు ప్రశ్నలూ మొదలవుతాయి. ఇద్దరూ ఒకే పోలికతో ఉంటారా? మామూలు కాన్పు అవుతుందా? పుట్టింటికి ఎప్పుడు పంపాలి? ఆడపిల్లలా, మగపిల్లలా అన్న కుతూహలమూ ఉంటుంది. ఆ చివరి ప్రశ్నకు జవాబు చెప్పడాన్ని దేశంలో చట్టం నిషేధించింది. గర్భిణి ఆరోగ్యం, శిశువుల క్షేమం, ప్రయాణం తేదీ, కాన్పు జరిపే వారం ఇవన్నీ ఆధారపడేది మరొక ప్రశ్న మీద: శిశువులిద్దరికీ మాయ ఒకటేనా, లేక ఎవరి మాయ వారికి ఉందా? అయిదో నెల స్కానింగ్‌కు కుటుంబంతో కలిసి వెళ్ళే గర్భిణి ఈ విషయం తెలుసుకోకుండా ఇంటికి తిరిగి రాకూడదు.

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో, స్టేషన్‌కు చేరువలో అర్పా నది వైపున ఉన్న తోర్వా వంటి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న మరింత ముఖ్యం. గర్భిణికి పరీక్షలు ఒక రాష్ట్రంలో, కాన్పు మరో రాష్ట్రంలో జరిగే అవకాశం ఇక్కడ ఎక్కువ.

రైలు తెచ్చిన తెలుగువారు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో ఏర్పడింది. బిలాస్‌పూర్ ఆ మార్గంలో ప్రధాన కూడలిగా ఎదిగింది. అదే సంస్థ నడిపిన మార్గాలు వాల్తేరు, విజయనగరం ప్రాంతాలకూ విస్తరించడంతో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవారు ఈ మార్గంలోని రైల్వే కాలనీలలో స్థిరపడ్డారు. రాయ్‌పూర్ - విజయనగరం మార్గం 1931లో పూర్తయిన తరువాత రాకపోకలు సులభమయ్యాయి. ఆగ్నేయ మధ్య రైల్వే మండలం 2003లో ప్రారంభమైనప్పుడు బిలాస్‌పూరే దానికి కేంద్రమైంది. తరాలు గడిచినా పెళ్ళిళ్ళు, పురుళ్ళ సంబంధాలు విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ జిల్లాలతో కొనసాగుతున్న ఇళ్ళు ఉన్నాయి.

తొలి కాన్పుకు కూతురిని పుట్టింటికి తీసుకువెళ్ళడం తెలుగువారి ఆనవాయితీ. అయిదో నెలలోనో ఏడో నెలలోనో సీమంతం జరిపి, మంచిరోజు చూసి ప్రయాణం పెట్టుకుంటారు. బిలాస్‌పూర్ నుంచి విశాఖపట్నం ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరం. ఒక్క శిశువు ఉన్న గర్భానికి ఈ ఏర్పాటు సాధారణంగా సరిపోతుంది. కవలల గర్భానికి మాత్రం ముందుగా మాయల లెక్క తేలాలి.

కవలలు ఎలా ఏర్పడతారు

జంట అరటిపండు తింటే కవలలు పుడతారన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో నేటికీ వినిపిస్తుంది. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. కవలలు రెండు విధాలుగా ఏర్పడతారు. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై, రెండూ వేర్వేరుగా ఫలదీకరణం చెందడం మొదటి విధం. వీరు ఒకే కాన్పులో పుట్టిన మామూలు తోబుట్టువుల వంటివారు. ఒకే అండం ఫలదీకరణం చెందిన తరువాత రెండుగా విడిపోవడం రెండవ విధం. ఒకే పోలికతో ఉండే కవలలు వీరే.

ఒకే అండం నుంచి పుట్టే కవలల సంఖ్య ప్రపంచమంతటా దాదాపు సమానంగా, వెయ్యి కాన్పులకు నాలుగు చొప్పున ఉంటుంది. రెండు అండాల కవలల సంఖ్య మాత్రం తల్లి వయసు, వంశం, ప్రాంతం, సంతాన సాఫల్య చికిత్సలను బట్టి మారుతుంది. నైజీరియాలోని ఇగ్బో-ఓరా పట్టణం కవలల జననాలకు ప్రసిద్ధి చెందింది. ఆసియా దేశాలలో ఈ రేటు తక్కువ. 2021లో హ్యూమన్ రిప్రొడక్షన్ పత్రికలో వచ్చిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 16 లక్షల కవల జంటలు జన్మిస్తున్నాయి. 1980ల ఆరంభంలో వెయ్యి కాన్పులకు 9.1గా ఉన్న కవలల కాన్పులు 2010-15 నాటికి 12కు చేరాయి. తల్లులయ్యే వయసు పెరగడం, సంతాన సాఫల్య చికిత్సల వ్యాప్తి ఇందుకు ప్రధాన కారణాలు.

కవలలంటే కథలకూ కొదవ లేదు. వాల్మీకి ఆశ్రమం, లవకుశుల జన్మస్థలం తమ ప్రాంతంలోనే ఉన్నాయని ఛత్తీస్‌గఢ్ ప్రజలు బలౌదాబాజార్ జిల్లాలోని తుర్తురియాను చూపుతారు. తెలుగు ఇళ్ళలో కవల మగపిల్లలకు రామలక్ష్మణుల పేర్లు పెట్టడం పరిపాటి. రామాయణంలో కవలలు మాత్రం సుమిత్ర కుమారులైన లక్ష్మణ, శత్రుఘ్నులు.

మాయలు ఎన్ని, సంచులు ఎన్ని

మాయ తల్లి రక్తం నుంచి ప్రాణవాయువును, పోషకాలను బొడ్డుతాడు ద్వారా శిశువుకు అందిస్తుంది. శిశువు ఉమ్మనీటి సంచిలో పెరుగుతుంది. వీటి సంఖ్యను బట్టి కవలల గర్భాన్ని వైద్యులు మూడు రకాలుగా విభజిస్తారు.

మొదటి రకంలో ఎవరి మాయ వారిది, ఎవరి సంచి వారిది. నివేదికలో దీనిని డి.సి.డి.ఎ. అని రాస్తారు. మూడింటిలో అపాయం తక్కువగా ఉండే రకం ఇదే. రెండు అండాల కవలలందరూ ఈ కోవలోకి వస్తారు. ఫలదీకరణ జరిగిన సుమారు మూడు రోజులలోపు విడిపోయిన ఒకే అండం కవలలు కూడా ఇందులోనే ఉంటారు. కాబట్టి రెండు మాయలు ఉన్నాయంటే పిల్లలు ఒకే పోలికతో ఉండరని చెప్పడం సరికాదు. ఒకే అండం కవలలలో దాదాపు మూడో వంతు మందికి రెండు మాయలు ఉంటాయి.

రెండవ రకంలో మాయ ఒకటి, సంచులు రెండు. దీనిని ఎం.సి.డి.ఎ. అంటారు. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు మధ్య పిండం విడిపోయినప్పుడు ఈ స్థితి ఏర్పడుతుంది. మూడవ రకంలో మాయ ఒకటే, సంచి కూడా ఒకటే. దీనిని ఎం.సి.ఎం.ఎ. అంటారు. ఇది చాలా అరుదు. ఇద్దరి బొడ్డుతాళ్ళు పెనవేసుకునే ప్రమాదం ఉన్నందున దీనికి అత్యంత నిశిత పర్యవేక్షణ కావాలి.

మూడో నెలలోనే తేలవలసిన విషయం

మాయల సంఖ్యను నిర్ణయించడానికి అనువైన కాలం 11 నుంచి 14 వారాల మధ్య చేసే తొలి స్కానింగ్. రెండు సంచుల మధ్య పొర మాయను తాకే చోట త్రికోణాకారంలో మందంగా కనిపిస్తే మాయలు రెండు. దీనిని లాంబ్డా గుర్తు అంటారు. పొర పలుచగా, నిటారుగా మాయపై నిలిచినట్లు కనిపిస్తే మాయ ఒకటే. దీనికి టి గుర్తు అని పేరు. నెలలు గడిచేకొద్దీ పొర పలుచబడి, పక్కపక్కన ఉన్న రెండు మాయలు ఒకటిగా కనిపించడంతో ఈ తేడాను గుర్తించడం కష్టమవుతుంది.

భారతదేశంలో ఈ తొలి స్కానింగ్‌కు మరింత ప్రాధాన్యం ఉంది. శిశువులలో ఒకరు ఆడ, మరొకరు మగ అయితే వారు రెండు అండాల కవలలని, మాయలు రెండని విదేశాలలో వైద్యులు నిర్ధారిస్తారు. ఇక్కడ లింగ నిర్ధారణే నేరం కనుక ఆ మార్గం మూసుకుపోయింది. మూడో నెలలో చూసిన పొర గుర్తులు, మాయల సంఖ్యే ఆధారం. కాబట్టి ఆ నివేదిక ప్రతిని, వీలైతే పొర కనిపించే చిత్రాన్ని, అయిదో నెల పరీక్షకు వెంట తీసుకువెళ్ళాలి. తొలి స్కానింగ్ జరగకపోయినా, మాయల విషయం తేలకపోయినా ఆ మాట వైద్యులకు ముందుగానే చెప్పాలి. స్పష్టత లేనప్పుడు మాయ ఒకటే ఉన్నట్లు భావించి పర్యవేక్షించడం వైద్యంలో అనుసరించే జాగ్రత్త.

అయిదో నెల పరీక్షలో ఏం చూస్తారు

తెలుగు రాష్ట్రాలలో టిఫా స్కానింగ్‌గా పేరుపడిన ఈ పరీక్షను 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు. వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఇంట్లో పెద్దలు చెప్పే నెలల లెక్కకు, నివేదికలోని వారాల లెక్కకు తేడా రావచ్చు. అటువంటప్పుడు వారాలనే ప్రమాణంగా తీసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం 2022 నవంబరులో 44 ప్రభుత్వ ఆసుపత్రులలో 56 టిఫా యంత్రాలను ప్రారంభించింది.

అల్ట్రాసౌండ్ పరీక్షలో ఉపయోగించేది ధ్వని తరంగాలే. ఎక్స్‌రే వంటి కిరణాలు ఇందులో ఉండవు. గ్లాస్గోకు చెందిన ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు 1958లో ప్రచురించిన పరిశోధనతో ప్రసూతి వైద్యంలో ఈ విధానానికి పునాది పడింది.

అయిదో నెలలో ప్రతి శిశువు తల, మెదడు, ముఖం, పెదవులు, వెన్నెముక, గుండె గదులు, కడుపు, మూత్రపిండాలు, మూత్రాశయం, కాళ్ళుచేతులు, బొడ్డుతాడును వరుసగా పరిశీలిస్తారు. కవలల విషయంలో ఈ పరిశీలన రెండుసార్లు జరగాలి. ఒకరి వెనుక మరొకరు ఉండడంతో చిత్రం స్పష్టంగా రాకపోవచ్చు. కొంతసేపు నడిచి రమ్మనడం, పక్కకు తిరిగి పడుకోమనడం, మరో రోజు రమ్మనడం సాధారణమే. అంతమాత్రాన లోపం ఉన్నదని భయపడనవసరం లేదు. ఈ పరీక్షకు పస్తు ఉండనవసరం కూడా లేదు.

శిశువులను ఎడమ, కుడి లేదా పై, కింది స్థానాలను బట్టి మొదటి శిశువు, రెండవ శిశువు అని గుర్తిస్తారు. తరువాతి పరీక్షలన్నింటిలోనూ అదే గుర్తు కొనసాగాలి. ఎవరి ఎదుగుదల ఎలా ఉందో నెలనెలా పోల్చడానికి ఇదే ఆధారం.

ప్రతి సంచిలోని ఉమ్మనీటి లోతును విడివిడిగా కొలుస్తారు. సాధారణంగా అది 2 నుంచి 8 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అంచనా బరువులలోని తేడాను కూడా లెక్కిస్తారు. ఉదాహరణకు ఒక శిశువు 400 గ్రాములు, మరొకరు 300 గ్రాములు ఉంటే తేడా 100 గ్రాములు. పెద్ద శిశువు బరువులో అది 25 శాతం. తేడా ఆ స్థాయికి చేరితే నిపుణుల పరిశీలన అవసరమవుతుంది.

గర్భాశయ ముఖద్వారం పొడవు మరొక ముఖ్యమైన కొలత. అది 25 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంటే నెలలు నిండకుండానే కాన్పు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఏ చికిత్స తగినదో వైద్యులు నిర్ణయిస్తారు. మంచం దిగకుండా పడుకోవడం వల్ల ముందస్తు కాన్పు ఆగుతుందని రుజువు కాలేదు. పైగా ఎక్కువ కాలం కదలకుండా ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

ఒకే మాయ ఉన్నప్పుడు

ఒకే మాయను పంచుకునే శిశువుల రక్తనాళాలు ఆ మాయలో కలుస్తాయి. సాధారణంగా ఇద్దరి మధ్య రక్తప్రసరణ సమతూకంలో ఉంటుంది. ఆ సమతూకం తప్పి ఒకరి రక్తం ఎక్కువగా మరొకరికి చేరితే కవలల మధ్య రక్త మార్పిడి సమస్య తలెత్తుతుంది. ఒకే మాయ, రెండు సంచులు ఉన్న గర్భాలలో 10 నుంచి 15 శాతం వరకు ఇది కనిపిస్తుంది. రక్తం ఇచ్చే శిశువు సంచిలో నీరు తగ్గిపోతుంది. పుచ్చుకునే శిశువు సంచిలో నీరు విపరీతంగా పెరిగి, గుండెపై భారం పడుతుంది.

ఈ సమస్య ఎక్కువగా 16 నుంచి 26 వారాల మధ్య బయటపడుతుంది. చికిత్స అందని తీవ్రమైన స్థితిలో ఇద్దరు శిశువులనూ కోల్పోయే ప్రమాదం చాలా ఎక్కువ. సకాలంలో గుర్తిస్తే సన్నని దుర్బిణీని గర్భాశయంలోకి పంపి, లేజర్ కిరణంతో మాయపై కలిసిన రక్తనాళాలను మూసివేస్తారు. 2004లో ప్రచురితమైన ఐరోపా అధ్యయనంలో లేజర్ చికిత్స పొందినవారిలో 76 శాతం మందికి కనీసం ఒక శిశువు దక్కింది. ఉమ్మనీటిని తీసివేసే పాత పద్ధతిలో అది 56 శాతం. ఈ లేజర్ చికిత్స ప్రతి పట్టణంలో లభించదు. హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ వంటి నగరాలలోని ప్రత్యేక గర్భస్థ శిశు వైద్య కేంద్రాలకు వెళ్ళవలసి ఉంటుంది. గుర్తించడంలో వారం ఆలస్యమైనా పరిస్థితి చేయి దాటిపోవచ్చు.

అందుకే ఒకే మాయ ఉన్న గర్భిణికి 16వ వారం నుంచి ప్రతి రెండు వారాలకు స్కానింగ్ చేస్తారు. రెండు మాయలు ఉన్నవారికి అయిదో నెల తరువాత నాలుగు వారాలకు ఒకసారి చేస్తే సాధారణంగా సరిపోతుంది. రెండు పరీక్షల మధ్య పొట్ట హఠాత్తుగా పెరిగి బిగుసుకుపోయినా, ఊపిరి అందకపోయినా తరువాతి తేదీ దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కాన్పు వారం కూడా మాయలను బట్టే

కవలలలో సగానికి పైగా 37 వారాలు నిండకముందే జన్మిస్తారు. వేరే సమస్యలు లేనప్పుడు రెండు మాయలు ఉంటే 37వ వారంలో, ఒకే మాయ, రెండు సంచులు ఉంటే 36వ వారంలో కాన్పు జరపడం మేలని అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మాయ, సంచి రెండూ ఒకటే అయితే 32 నుంచి 34 వారాల మధ్య శస్త్రచికిత్స ద్వారా కాన్పు చేస్తారు. ముందుగా కాన్పు వచ్చే అవకాశం ఉంటే శిశువుల ఊపిరితిత్తులు బలపడడానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు.

కవలలంటే ఆపరేషన్ తప్పదన్న అభిప్రాయం పూర్తిగా నిజం కాదు. రెండు సంచులు ఉండి, మొదటి శిశువు తల కిందికి ఉంటే, తగిన వసతులున్న ఆసుపత్రిలో సహజ కాన్పుకు అవకాశం ఉంటుంది.

పరీక్ష గదిలో కుటుంబం

స్కానింగ్‌కు గర్భిణితో పాటు భర్త, తల్లి లేదా అత్తగారు వెళ్ళడం మంచిది. ఒకరు గర్భిణికి ధైర్యం చెబితే, మరొకరు వైద్యుల మాటలను రాసుకోవచ్చు. బిలాస్‌పూర్‌లో సంభాషణ హిందీలో, నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. కవలలను అక్కడ జుడ్వా అంటారు. ఊరి నుంచి వచ్చిన గర్భిణి తల్లికి హిందీ రాకపోతే విషయాన్ని అక్కడే తెలుగులో వివరించాలి. ఆరా తీసిన పెద్దవారికి సగం సమాచారం అందితే ఇంట్లో అనవసర భయాలు పుడతాయి.

గర్భస్థ శిశు లింగ నిర్ధారణ నిషేధ చట్టం 1994లో ఆమోదం పొంది, 1996 జనవరి 1న అమలులోకి వచ్చింది. శిశువు ఆడ, మగ అన్నది మాటతో గాని, సైగతో గాని, మరే రూపంలో గాని తెలియజేయకూడదు. ఈ మేరకు స్థానిక భాషలో బోర్డు ఉంచాలి. పరీక్షకు ముందు శిశువు లింగం తెలుసుకోదలచలేదని గర్భిణి ఫారం ఎఫ్‌లో ప్రకటన చేయాలి. లింగ నిర్ధారణ కోరిన భర్త, బంధువులకు మొదటి నేరానికి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. భర్త, బంధువుల ఒత్తిడి వల్లే గర్భిణి పరీక్షకు వచ్చినట్లు చట్టం భావిస్తుంది. కవలల గర్భమైనా ఇందులో మినహాయింపు లేదు.

గదిలో నుంచి బయటికి వచ్చేలోగా ఈ విషయాలు అడిగి రాసుకోవాలి:

- మాయలు ఎన్ని, సంచులు ఎన్ని? ఏ గుర్తును బట్టి నిర్ణయించారు?
- ఇద్దరి అవయవాలూ పూర్తిగా కనిపించాయా? ఏదైనా మళ్ళీ చూడవలసి ఉందా?
- ప్రతి సంచిలో ఉమ్మనీరు ఎంత? బరువులలో తేడా ఎంత శాతం?
- గర్భాశయ ముఖద్వారం పొడవు ఎంత?
- తరువాతి స్కానింగ్ ఏ తేదీన?

లోపం కనిపించినప్పుడు

స్కానింగ్‌లో లోపం కనిపిస్తే వెంటనే నిర్ణయాలకు రాకూడదు. మరొక నిపుణుని పరిశీలన, అవసరమైతే గుండె ప్రత్యేక స్కానింగ్, జన్యు పరీక్షలు జరగాలి. గర్భ విచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిర్దేశిత వర్గాల మహిళల విషయంలో ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. తీవ్రమైన అవయవ లోపాలు ఉన్నాయని వైద్య మండలి నిర్ధారించినప్పుడు 24 వారాల పరిమితి వర్తించదు.

కవలలలో ఒకరికే లోపం ఉన్నప్పుడు నిర్ణయం మరింత క్లిష్టం. ఒకే మాయ ఉంటే ఒకరికి చేసే చికిత్స రక్తనాళాల ద్వారా రెండవ శిశువుపైనా ప్రభావం చూపుతుంది. ఇక్కడ కూడా వైద్యులు అడిగే మొదటి ప్రశ్న మాయల సంఖ్యే. పరీక్షను 22వ వారం దాటనివ్వకూడదనడానికి ఇదొక కారణం.

పుట్టింటి ప్రయాణం ఎప్పుడు

ఏడో నెల అంటే దాదాపు 28 వారాలు. కవలల గర్భంలో ముందస్తు నొప్పుల అవకాశం పెరిగే కాలం అది. ఒకే మాయ ఉన్న గర్భిణికి రెండు వారాలకొక పరీక్ష తప్పనిసరి కనుక, బిలాస్‌పూర్‌లో ఒక పరీక్ష అయిన తరువాత తదుపరి పరీక్షకు పుట్టింటి ఊరి ఆసుపత్రిలో ముందే ఏర్పాటు చేసుకున్నాకే బయలుదేరాలి. సీమంతపు ముహూర్తం కోసం ఈ వరుసలో ఒక్క పరీక్ష తప్పినా ప్రమాదమే. చేరబోయే ఆసుపత్రిలో నెలలు నిండని ఇద్దరు శిశువులను ఒకేసారి చూడగల నవజాత శిశు విభాగం ఉందో లేదో ముందుగా విచారించాలి. అటువంటి వసతి పుట్టింటి ఊరికి దగ్గరలో లేకపోతే కూతురిని తీసుకువెళ్ళడం కన్నా తల్లే తోర్వాకు వచ్చి ఉండడం క్షేమం.

ప్రయాణానికి వైద్యుల అనుమతి ఉంటే రైల్వేలో గర్భిణులకు, వృద్ధులకు, 45 ఏళ్ళు దాటిన మహిళలకు కలిపి కింది బెర్తుల కోటా ఉంది. స్లీపర్ బోగీకి 6 నుంచి 7 బెర్తులు, మూడవ శ్రేణి ఏసీలో 4 నుంచి 5 బెర్తులు ఇందుకు కేటాయిస్తారు. ప్రయాణంలో గంటకొకసారి కాసేపు నడవడం, తగినంత నీరు తాగడం, నివేదికల దస్త్రాన్ని చేతిసంచిలోనే ఉంచుకోవడం అవసరం.

ఆహారం, మందులు

ఇద్దరున్నారని రెండింతల భోజనం చేయనవసరం లేదు. పప్పు, గుడ్లు, పాలు, ఆకుకూరలు, మాంసకృత్తులు గల పదార్థాలు పెంచి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినడం మేలు. కవలల గర్భిణులలో రక్తహీనత, అధిక రక్తపోటు ఎక్కువగా వస్తాయి. హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతగా పరిగణిస్తారు. ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు మానకూడదు. రక్తపోటు ముప్పు తగ్గించడానికి కొందరికి మూడో నెల నుంచి తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. దానిని సొంతంగా వాడరాదు. సికిల్ సెల్ వ్యాధి ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కువగా ఉన్నందున ఆ రక్త పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

అందుబాటులోని సేవలు

ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ 2016 నుంచి అమలులో ఉంది. ప్రతి నెల 9న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. అధిక ప్రమాదం గల గర్భిణి కార్డుపై ఎర్ర గుర్తు వేస్తారు. కవలల గర్భం ఈ కోవలోకే వస్తుంది. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రులలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, పరీక్షలు, రక్తం, రవాణా ఉచితం.

ఛత్తీస్‌గఢ్‌లో గర్భిణుల కోసం 102 నంబరుపై మహతారీ ఎక్స్‌ప్రెస్ వాహనాలు నడుస్తున్నాయి. మహతారీ అంటే ఛత్తీస్‌గఢీలో తల్లి. గ్రామాలలో, బస్తీలలో మితానిన్ కార్యకర్తలు గర్భిణుల నమోదులో సాయపడతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఈ పాత్ర ఆశా కార్యకర్తలది. రైల్వే ఉద్యోగుల కుటుంబాలు ఉమీద్ కార్డుతో రైల్వే ఆసుపత్రి సేవలు పొందవచ్చు.

ఇద్దరి కన్నా తక్కువ సంతానం ఉన్న రైల్వే మహిళా ఉద్యోగులకు 180 రోజుల ప్రసూతి సెలవు, అదే షరతుపై పురుష ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు లభిస్తాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద ఇతర సంస్థలలో సెలవు 2017లో 12 నుంచి 26 వారాలకు పెరిగింది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. కవలల గర్భిణికి ఈ వెసులుబాటు ఎంతో ఉపయోగకరం.

ఆలస్యం చేయరాని లక్షణాలు

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, 37 వారాలకు ముందే తెరలు తెరలుగా నొప్పులు, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతుల వాపు, శిశువుల కదలికలు తగ్గడం, పొట్ట ఒక్కసారిగా పెరగడం వంటివి కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఫోన్‌లో పెద్దల సలహాల కోసం సమయం గడపరాదు.

పరీక్ష పూర్తయిన తరువాత నివేదికను మరొకసారి చూసుకోవడం అవసరం. అందులో మాయల సంఖ్య రాసి లేకపోతే అక్కడే అడిగి రాయించుకోవాలి. అర్ధరాత్రి నొప్పులు వచ్చి, మునుపెన్నడూ చూడని ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే, తోర్వాలో గాని, విజయనగరంలో గాని అక్కడి వైద్యులు మొదట వెదికేది ఆ ఒక్క వాక్యాన్నే.